కొక్కెంతో సహా లోపలికి

మా వదిన మా అమ్మ రక్తం తాగుతోందని పక్కింటి పిన్నిగారు వీధి చివరి దర్జీతో అన్నదట. దర్జీ కుట్టు మిషను మీద కాలు ఆడిస్తూనే ఆ మాట మా అన్నయ్య చెవిన వేశాడట. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. గ్రీజు చేతులతోనే నా ఆఫీసుకు ఫోను చేసి, "విన్నావా, మీ వదిన మనిషి కాదట, జలగట" అని నవ్వాడు.

పిన్నిగారిని తప్పుపట్టడానికి లేదు. గోడ మీంచి చూసేవాళ్ళకు కనబడేది అదే. వారానికోసారి పొద్దున్నే మా అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, దానం చేయడానికి సింహాసనం ఎక్కిన రాణిలా చెయ్యి చాపి కూర్చునేది. వదిన మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం తట్టి చూసి, సూది గుచ్చి, గొట్టాల నిండా రక్తం పట్టేది. ఆ గొట్టాలను తువ్వాలులో చుట్టి, భోజనం డబ్బా పక్కనే సంచిలో పెట్టుకుని బస్సెక్కేది. పిన్నిగారు అడిగితే చెప్పేవాళ్ళమే. కానీ అడిగి తెలుసుకుంటే ఇక ఆవిడకు చెప్పుకోవడానికేం మిగులుతుంది?

వదిన పరిశోధన చేసేది. పెద్దాసుపత్రి వెనకాల మేడలో, పై అంతస్తులో ఒక పొడుగాటి గది ఉంది. కిటికీ పక్కన నీళ్ళ తొట్టి, గోడవారగా గుయ్యిమనే ఫ్రిజ్లు, నడుమ పొడుగు బల్ల. ఆ బల్లకు ఒక చివర ఆమెది. "ఏం పని చేస్తుందండీ మీ కోడలు?" అని ఎవరైనా అడిగితే అమ్మ, "రక్తంలో తెల్లకణాలు ఏం తింటాయో చూస్తుంది" అనేది. వంటింటి సంగతిలా వినబడినా, నిజానికి ఆ పని అదే.

అమ్మ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఇంట్లో కూడా చెప్పులు వరసగా లేకపోతే ఊరుకునేది కాదు. "నా ఒంటికి ఇంతవరకు ఒక్క మాత్ర తగల్లేదు" అన్నది ఆమె బిరుదు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మంచినీళ్ళ కంటే ముందు ఆ మాట అందేది. వదినకు ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం వారం వారం కావలసివచ్చినప్పుడు, అమ్మ తనంతట తనే జాకెట్టు చెయ్యి మడిచింది. అప్పట్లో అన్ని పరీక్షలూ చేశారు. షుగరు లేదు, మరొకటి లేదు. గదిలో అందరూ, "మీ అత్తగారు రాయిలా ఉన్నారే" అన్నారట. ఆ రాయి మాట అమ్మ చాలాకాలం దాచుకుని చెప్పుకుంది. ఆ తరువాత మళ్ళీ పరీక్ష చేద్దామని ఎవరికీ తోచలేదు. ఇంటి మనిషి కదా, ఏమన్నా ఉంటే చెప్పదా అనుకున్నారు.

ఒకరోజు సూది గుచ్చే ముందు అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా రక్తంతో ఏం చేస్తున్నావో నాకర్థమయ్యేలా చెప్పమ్మాయ్. అర్థం కాలేదా, ఇచ్చిందంతా తిరిగి ఇచ్చెయ్."

వదిన పట్టీ చేతిలోనే పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. "తెల్లకణం అంటే మన ఒంట్లో కాపలా తిరిగేది అనుకోండి, అత్తయ్యా. దాని ఒంటి నిండా కొక్కేలుంటాయి. రక్తంలో తిరిగే ఇన్సులిన్ వచ్చి ఆ కొక్కేనికి తగులుకుంటుంది. అంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. తగులుకున్నాక ఏమవుతుందన్న దగ్గరే గొడవ."

"ఏమవుతుందంటారు?"

"కణం దాన్ని బయటే కొరికేస్తుంది, కొక్కెం ఉన్నచోటే ఉంటుందని మా హెడ్డుగారు అంటారు. నేనేమో, అక్కడ కణం చర్మం గుంటపడి, సంచిలా మూతి ముడుచుకుని, ఇన్సులిన్నీ కొక్కేన్నీ కలిపి లోపలికి లాగేసుకుంటుందంటాను. లోపలికెళ్ళాక ఆ సంచి పులుస్తుంది. పులుపు తగిలితే కొక్కెం పట్టు వదిలేస్తుంది. ఇన్సులిన్ ముక్కలు ముక్కలై, ఆ ముక్కలు బయటికి పోతాయి. కొక్కెం మళ్ళీ పైకి రావచ్చు, లేదా అదీ లోపలే అరిగిపోవచ్చు."

అమ్మ కాస్త ఆలోచించింది. "అంటే వచ్చిన చుట్టాన్ని కుర్చీతో సహా లోపలికి ఎత్తుకుపోవడం."

"అంతే. చుట్టాలు ఆగకుండా వస్తూనే ఉన్నారనుకోండి, వరండాలో ఒక్క కుర్చీ మిగలదు."

"నీ మాటే బాగుంది. మీ హెడ్డేమిటి, చుట్టాన్ని గుమ్మంలోనే కొరుకుతానంటాడు. మనిషేనా?" అని అమ్మ మళ్ళీ చెయ్యి చాపింది.

మొదట్లో ఆ రక్తం బంగారంలా పనిచేసింది. చిక్కటి ద్రావకం మీద రక్తాన్ని మెల్లగా పోసి, యంత్రంలో గిరగిరా తిప్పితే, ఎర్రదంతా అడుక్కి పోయి నడుమ పలచటి మబ్బు తెరలాంటిది నిలబడేదట. ఆ మబ్బే తెల్లకణాలు. వదిన ఊపిరి బిగబట్టి గాజు గొట్టంతో దాన్ని పీల్చి వేరు చేసేది. వాటికి గుర్తు కట్టిన ఇన్సులిన్ ఇచ్చేది. ఆ గుర్తు కంటికి కనబడని కిరణాలు చిమ్ముతుంది, ఎంత ఉందో లెక్కింపు యంత్రం చెబుతుంది. ఐసులో ఉంచితే కణాలు బిగుసుకుని ఏదీ మింగవు, ఇన్సులిన్ పైపైన వేలాడుతుంది. వెచ్చబెడితే మింగుడు మొదలవుతుంది. తరువాత పుల్లటి నీళ్ళతో కడిగితే పైన వేలాడేదంతా ఊడిపోతుంది. కడిగినా పోనిది ఏదైనా ఉందంటే అది లోపలికి పోయినట్టే. మా అమ్మ కణాలు కడిగినా పోనంత మింగాయి. వదిన ఆ వారమంతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

హెడ్డుగారు మాత్రం ఒప్పుకోలేదు. "గాజు గిన్నెలో చేసినదాన్ని నమ్మలేను. ఒంట్లో నిజంగా అలా జరుగుతుందని చూపించు. ఇంకో ఏడాది అదే మనిషి రక్తంతో మళ్ళీ చెయ్యి" అన్నారు.

మళ్ళీ చేస్తే కథ తిరగబడింది.

ఏడాది తిరిగేసరికి అమ్మ కణాలు ఇన్సులిన్ను ముట్టడం మానేశాయి. నిరుడు పట్టినదాంట్లో సగం కూడా పట్టలేదు. వదిన ద్రావకాలు మార్చింది, ఇన్సులిన్ కొత్తది తెప్పించింది, గాజు సామానంతా తనే మరగబెట్టి తోమింది. ఐసు ఆసుపత్రిది మంచిది కాదేమోనని వేరే చోటి నుంచి తెచ్చింది. ఏం చేసినా అంతే.

హెడ్డుగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారట: "అదే మనిషి, అదే రక్తం. నిరుడు పట్టింది ఈ ఏడు పట్టదేం? నిరుటి లెక్క తప్పన్నా అయుండాలి, ఇప్పటి లెక్క తప్పన్నా అయుండాలి. రెండూ నీ చేతివే కదమ్మా. వచ్చే నెల పెద్దల సమీక్ష ఉంది. అప్పటికి తేలకపోతే ఈ పని పక్కన పెట్టు. బల్ల ఖాళీ చేసి, నేనిచ్చే ఇంకో పని చూసుకో."

బల్ల ఖాళీ చేయడమంటే అన్నేళ్ళ చదువూ తూములో పోయినట్టే. వదిన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, కంచం ముందు కూర్చుని నీళ్ళు మాత్రం తాగింది. అన్నయ్యకు ఓదార్చడం రాదు. బస్సుల భాషే వచ్చు.

"బండి కదలకపోతే ఇంజనంతా విప్పేశావు సరే. డీజిలు చూశావా?"

"అంటే?" అంది అమ్మ.

"ఊరికే అన్నానమ్మా. ఇంకెవరిదైనా రక్తం పోసి చూడొచ్చుగా అని."

అమ్మ చెంచా కింద పెట్టింది. "నా రక్తం కల్తీదంటావా? నిన్ను మోసింది ఈ రక్తమే. నీ బస్సుల్లో పోసే కిరసనాయిల్ కాదు."

"వేరేవాళ్ళది కూడా చూశాను" అంది వదిన మెల్లగా. "వాళ్ళవి బాగానే పడుతున్నాయి. ఆ మాట చెప్తే, నచ్చినవాళ్ళను ఏరుకుంటున్నావు అంటున్నారు సార్."

"చూశావా, లోపం నా దగ్గర లేదు" అంది అమ్మ. ఆ మాటకు అర్థం సరిగ్గా తిరగేసి ఉందని అందరికీ తెలిసినా ఎవ్వరం నోరు మెదపలేదు. ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకు ఎప్పుడు నోరు మూసుకోవాలో బాగా తెలుసు.

లెక్కింపు యంత్రం ఆ మేడ మొత్తానికీ ఒకటే ఉండేది. గదులవాళ్ళు వంతులు వేసుకుని వాడుకునేవారు. ఒక వారం వదిన కణాలు సిద్ధం చేసుకుని వెళ్ళేసరికి పక్కగదివాళ్ళు యంత్రం ఆక్రమించి ఉన్నారు. అడిగితే, "రేపు పొద్దున్నే రండి మేడం, మా పని నడుమలో ఆపితే అంతా పోతుంది" అన్నారు. చేసేది లేక వదిన ఆ కణాలను ఇన్సులిన్ చుక్క కూడా లేని శుభ్రమైన ద్రావకంలో వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టి ఇంటికొచ్చేసింది.

మర్నాడు వాటిని పారబోద్దామనే వెళ్ళింది. నిల్వ కణాలు పనికిరావని అక్కడి లెక్క. తూము దగ్గరికి వెళ్ళి గొట్టం వంచబోయి, అత్తయ్య చాపిన చెయ్యి గుర్తొచ్చి ఆగిందట. ఎలాగూ పోయేవే, ఒకసారి చూసి పారబోద్దాం అనుకుంది. గుర్తు కట్టిన ఇన్సులిన్ పోసి యంత్రంలో పెట్టింది.

యంత్రం టకటకమని నిరుటి లెక్కే కొట్టింది.

వదిన మొదట యంత్రాన్నే అనుమానించింది. తరువాతి వారం అమ్మ రక్తాన్ని మూడు వాటాలు వేసింది. ఒక వాటా అప్పటికప్పుడు చూసింది. దాన్ని ముందుగా పుల్లటి నీళ్ళతో కడిగి, పైన ఏదన్నా వేలాడుతుంటే ఊడగొట్టి మరీ చూసింది. కొక్కేలు అరకొరగానే ఉన్నాయి. రెండో వాటాను శుభ్రమైన ద్రావకంలో మర్నాటిదాకా ఉంచింది. కొక్కేలు మళ్ళీ నిండుగా వచ్చాయి. మూడో వాటా కణాలకు సబ్బులాంటి మందుతో పైచర్మం కాస్త చిల్లులు పొడిచి, లోపలికి ఇన్సులిన్ పోయేలా చేసి చూసింది. కావలసినన్ని కొక్కేలు లోపలే ఉన్నాయి.

కొక్కేలు పోలేదు. లోపలికి లాగబడ్డాయి. ఎవరు లాగారు? ఇన్సులిన్ తప్ప ఇంకెవరూ లాగరు. గిన్నెలో ఆమె పోయకముందే, ఆ కణాలు ఒంట్లో ఉన్నప్పుడే, రోజూ ఇన్సులిన్లో మునిగి తేలుతున్నాయన్నమాట. షుగరు లేని రాయిలాంటి మనిషి ఒంట్లోకి అంత ఇన్సులిన్ ఎక్కడినుంచి వచ్చింది?

వదిన ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. నాకు ఆ రోజు సెలవు కావడంతో అక్కడే ఉన్నాను. అమ్మ వరండాలో చేతులు పైకెత్తి దించుతూ కసరత్తు చేస్తోంది. వదిన చెప్పులు వరసలో కూడా పెట్టకుండా ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, మీరు ఇన్సులిన్ సూది వేయించుకుంటున్నారు కదూ."

అమ్మ చేతులు పైనే ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు? పక్కింటావిడా?"

"కాదు. మీ తెల్లకణాలు."

అమ్మ చేతులు దించింది. ఆ తరువాత, "నా ఒంట్లో పుట్టి, నా తిండి తిని, నా మీదే చాడీలా" అంది.

అప్పుడు బయటికొచ్చింది సంగతి. పోయినేడు చివర్లో పాదాలు మండి, దాహం ఆగక, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళిందట. షుగరు బాగా ముదిరింది, సూదే వేసుకోవాలన్నారట. మలుపులో ఉండే కాంపౌండరు ఆమె దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాడే. మందు సీసా అతని ఫ్రిజ్లో దాచిపెట్టి, వాకింగ్ పేరుతో రోజూ వెళ్ళి పొడిపించుకుని వస్తోంది.

"ఎందుకు దాచావమ్మా?" అన్నాను నేను.

"ఎండలో కళ్ళు తిరిగి పడ్డ పిల్లల్ని రెక్క పట్టుకుని లేపినదాన్ని నేను. డ్రిల్లు టీచరుకు షుగరట అని వీధిలో పడితే, ఎదురుపడ్డ ప్రతివాడూ నాకు సలహా చెప్తాడు. ఆ బాధ కంటే సూది బాధే నయం." వదిన వైపు తిరగకుండానే గొంతు తగ్గించింది. "ఇదిగో, ఈ అమ్మాయి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే కావాలంది. చెప్తే నన్ను మానిపించి ఇంకెవరినో పెట్టుకుంటుంది. రిటైరయ్యాక నేను ఒకరికి పనికొస్తున్నది ఆ ఒక్క పొద్దునే కదా."

వదిన కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నన్ను నిలువునా ముంచారు, అత్తయ్యా."

"తెలుసు."

"మీకు తెలియదు. ముంచి, ఒడ్డున పడేశారు. ఒంట్లో ఇది నిజంగా జరుగుతుందని చూపించమన్నారు సార్. చుట్టాలు ఆగకుండా వస్తే కుర్చీలు లోపలికి పోతాయని నేనంటే ఎవరు నమ్మారు? మీ ఒళ్ళే చేసి చూపించింది. మీరు నిజం చెప్పి ఉంటే నేను ఆ వారమే మిమ్మల్ని మానిపించి ఉండేదాన్ని. ఇది నాకు ఎప్పటికీ దొరికేది కాదు."

అమ్మ అప్పుడు తలెత్తింది. "అయితే నేను చేసింది మంచి పనే."

"కాదు. పచ్చి మోసం" అంది వదిన. "రేపటి నుంచి సీసా మన ఫ్రిజ్లోనే ఉంటుంది."

అసలు చిక్కు తరువాత వచ్చింది. సమీక్షలో ఈ సంగతి చెప్పాలంటే రక్తమిచ్చిన మనిషి ఇన్సులిన్ వాడుతోందని చెప్పాలి. పేరు చెప్పనక్కర్లేదు. కానీ ఆ రక్తం ఎవరిదో ఆ మేడలో తోటమాలికి కూడా తెలుసు. అమ్మ రెండు రోజులు ముభావంగా తిరిగింది. చెప్పొద్దని అనలేదు, చెప్పమనీ అనలేదు. వదిన కూడా అడగలేదు. సమీక్ష రోజు పొద్దున చూద్దుము కదా, అమ్మ క్యాన్వాస్ బూట్లు వేసుకుని, లేసులు బిగించి, గుమ్మంలో నిలబడి ఉంది. "నా సంగతి నా ఎదురుగానే చెప్పుకోండి. వెనక చెప్పుకోవడానికి పక్కింటావిడ ఉంది" అంది. తోడుగా నేనూ వెళ్ళాను.

సమీక్ష హాల్లో కుర్చీలు కిర్రుమనేవి. ముందు వరసలో బయటినుంచి వచ్చిన పెద్ద డాక్టరమ్మ కూర్చుని ఉంది. తెల్లజుట్టు, తక్కువ మాట. ఆ పక్కన హెడ్డుగారు. వదిన బోర్డు మీద గుండ్రంగా కణం బొమ్మ వేసి, కొక్కేలు గీసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. దాత ఇన్సులిన్ వాడుతోందనగానే గుసగుస మొదలైంది.

హెడ్డుగారు లేచారు. "దాత జబ్బు దాచింది. ఆ లెక్కలు చెత్తబుట్టకే పనికొస్తాయి."

వెనక వరసలో అమ్మ నిలబడింది. బడి మైదానంలో నిలబడ్డట్టే, మడమలు కలిపి. "ఆ దాచిందాన్ని నేనే. నా తప్పు నాది. ఆ అమ్మాయిది కాదు" అంది. మళ్ళీ కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వదిలించుకుంది.

గుసగుస ఆగిపోయింది. హెడ్డుగారు కాస్త తగ్గి, అసలు అడగవలసిన ప్రశ్న అడిగారు. అది మంచి ప్రశ్నే, కాదనలేం. "సూదితో ఎక్కిన ఇన్సులిన్ కొక్కేలకు ముందే తగులుకుని ఉంటుంది. అందుకే నీ గుర్తు కట్టిన ఇన్సులిన్కు చోటు దొరకలేదు. లోపలికి పోవడం ఎందుకు మధ్యలో?"

"నేనూ మొదట అలాగే అనుకున్నాను, సార్" అంది వదిన. "అందుకే పుల్లటి నీళ్ళతో కడిగి చూశాను. తగులుకుని ఉన్నదంతా ఊడిపోవాలి, కొక్కేలు ఖాళీ అవ్వాలి. ఊడాక కూడా అక్కడ కొక్కేలే లేవు. కణానికి చిల్లు పొడిస్తే లోపల ఉన్నాయి. నా చేతి మీద నమ్మకం లేకపోతే మీరే రక్తాలు తెప్పించండి. ఎవరిదేదో నాకు చెప్పొద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళది ఏదో నేను చెప్తాను."

పెద్ద డాక్టరమ్మ మొదటిసారి నోరు విప్పింది. "గొట్టాలకు రంగు దారాలు నేను కడతాను. ఏ రంగు ఎవరిదో నా బుర్రలోనే ఉంటుంది" అంది.

ఆ రోజే ఆసుపత్రి నర్సును పిలిపించి రక్తాలు తీయించారు. అమ్మ ఇచ్చింది. గదిలో పనిచేసే కుర్రకారు ఇచ్చారు. హెడ్డుగారు కూడా ఇవ్వాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. ఆయన సూదిని చూసి పాలిపోయారు. అమ్మ ఆయన దగ్గరికి వెళ్ళి, "చెయ్యి వదులుగా పెట్టి, ఎదురుగా గోడ చూడండి. ఊపిరి పీల్చి వదలండి. అంతే, అయిపోయింది" అంది. ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థిలా పీల్చి వదిలారు. ఆ తరువాత ఆమె వైపు చూడకుండా చొక్కా చెయ్యి దించుకున్నారు.

వదిన ఆ గొట్టాలతో గదిలోకి వెళ్ళింది. పెద్ద డాక్టరమ్మ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. కడగవలసినవి కడిగారు, చిల్లులు పొడవవలసినవి పొడిచారు, మర్నాటిదాకా ఉంచవలసినవి వెచ్చటి పెట్టెలో ఉంచారు. మర్నాడు యంత్రం వంతు ఎవరిదని కూడా ఎవరూ అడగలేదు. పక్కగదివాళ్ళే తలుపు తీసి పట్టుకున్నారట.

ఫలితం వినడానికి మళ్ళీ హాలు నిండింది. ఈసారి అన్నయ్య కూడా డిపోకు సెలవు పెట్టి వచ్చాడు. చేతులు ఎంత తోముకున్నా గోళ్ళలో గ్రీజు పోలేదు. వాటిని జేబుల్లో దాచుకుని గోడకు ఆనుకున్నాడు.

వదిన గొట్టాల పెట్టె బల్ల మీద పెట్టింది. "ఎర్రదారం" అంది. "కడిగినా పైన కొక్కేలు తక్కువ. లోపల నిండుగా ఉన్నాయి. శుభ్రమైన ద్రావకంలో ఉంచితే మర్నాటికి పైకి వచ్చాయి. ఈ మనిషి ఇన్సులిన్ వాడుతున్నారు."

డాక్టరమ్మ తల ఊపింది. "ఎర్రదారం మీ అత్తగారిది."

అన్నయ్య జేబుల్లోంచి చేతులు తీసేశాడు. హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టబోయారు.

"ఆగండి" అంది వదిన. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకు అప్పుడు తెలియలేదు. "ఆకుపచ్చ దారం కూడా అలాగే ఉంది."

చప్పట్లు సగంలో ఆగాయి. హెడ్డుగారు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆయన గొంతులో జాలి కూడా ఉంది. "చూడమ్మా, ఇన్సులిన్ వాడేది వాళ్ళందరిలో మీ అత్తగారొక్కరే. మిగతావాళ్ళు మన గదివాళ్ళు, వాళ్ళ సంగతి నాకు తెలుసు. ఒకటికి రెండు చెప్తున్నావంటే నీ పద్ధతిలో ఎక్కడో..."

"నేను చూసింది చెప్తున్నాను, సార్" అంది వదిన. ముఖంలో రక్తం లేదు. "ఆకుపచ్చవి మూడు వాటాలూ రెండేసి సార్లు చూశాను. అవి ఇన్సులిన్లో మునిగిన కణాలే. ఎవరివో నాకు తెలియదు. కానీ నేను మార్చి చెప్పను."

కుర్చీలు కిర్రుమన్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఈసారి తనే.

పెద్ద డాక్టరమ్మ నింపాదిగా లేచి నిలబడింది. "మార్చనక్కర్లేదు" అంది. "ఆకుపచ్చది నాది. మీరంతా వెళ్ళాక నర్సు చేత నాదీ తీయించి అందులో కలిపాను. నేను చాలా ఏళ్ళుగా ఇన్సులిన్ వేసుకుంటున్నాను. ఇంతవరకూ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు." వెనక వరస వైపు చూసింది. "దాచుకోవడం ఆవిడ ఒక్కరికే వచ్చనుకోకండి."

అప్పుడు లేచింది చూడండి హాలు. పక్కగదివాళ్ళు బల్లలు చరిచారు. కుర్రకారు గొంతెత్తారు. అన్నయ్య నోట్లో వేళ్ళు పెట్టి, డిపోలో బస్సు వెనక్కి తీసేటప్పుడు వేసే ఈల వేశాడు. వదిన బల్లను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "థీసిస్ రాయడం మొదలుపెట్టు. కొక్కెం లోపలికి పోతుంది. ఇక ఇందులో అనుమానం లేదు" అంది. అమ్మ మటుకు చప్పట్లు కొట్టలేదు. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం కాస్త పైకెత్తి కూర్చుంది. ఆ భంగిమ నాకు తెలుసు. ఆటల పోటీల్లో తన బడి కప్పు గెలిచినప్పుడు అలాగే కూర్చునేది.

సద్దు అణిగాక హెడ్డుగారు ముందుకొచ్చారు. వదినకు చెయ్యి అందించారు. మనస్ఫూర్తిగానే అందించారు, అది కాదనను. హాలు వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"ఈ విజయం మన గదిది. నిజం చెప్పాలంటే కొక్కెం లోపలికి పోతుందేమోనని నాకు మొదటినుంచీ అనుమానం ఉంది. తనంతట తను తేల్చుకుంటేనే పరిశోధకురాలు గట్టిపడుతుందని నేను బయటికి అనలేదు, అంతే."

కొందరు తలలు ఊపారు. ఆయన ఇంకేదో చెప్పబోతుండగా వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. అమ్మ లేచి, మడమలు కలిపి, హాలంతా వినబడేలా అంది:

"మరి బల్ల ఖాళీ చెయ్యమని ఎందుకన్నారు?"